పాత కయెన్ కొనేముందు ఒక రాత్రి ఆగండి

జయపురం, రాయగడ వైపు ఉండి విశాఖలో సెకండ్ హ్యాండ్ పోర్షే కయెన్నో, ఆడి క్యూ7నో చూస్తున్నవాళ్లకు ఒక మాట. ఎయిర్ సస్పెన్షన్ (మామూలు స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న బండైతే పగలు ఒక రౌండ్ నడిపి చూసి అడ్వాన్స్ ఇచ్చేయకండి.

సాయంత్రం చదునైన నేల మీద ఆపించి, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. తెల్లవారి, తలుపు కూడా తెరవకముందే మళ్లీ కొలవండి. ఒక్క మూలే రెండు వేళ్ల మందం దిగిందంటే అక్కడ గాలి కారుతోందన్నమాట. అలాగే నడిపితే ఆ గాలి నింపే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి అదీ పోతుంది. మా బావగారి కోసం చూసిన బండి తెల్లారేసరికి ముందు ఎడమ పక్కన టైరు మీద కూర్చుంది. "చలికి అంతే సార్" అన్నాడు అమ్మేవాయన. మిగతా మూడు మూలలూ కదల్లేదు మరి! వదిలేశాం.

ఆ పొద్దున్నే బానెట్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేశారని అర్థం. చల్లని ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు, వదిలే పొగే దాని అసలు సంగతి చెబుతాయి. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది.

ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడ కొత్త నంబరు తీసుకోవాలి, రోడ్డు టాక్స్ కట్టాలి. ఆ లెక్క కూడా వేసుకుని బేరమాడండి. ఫారం 28 మీద ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.