మాఘమాసం పెళ్ళిళ్ళకు ముందు జిమ్‌లో చేరుతున్నారా? టెండన్ల విషయంలో ఈ జాగ్రత్తలు తీసుకోండి

డిసెంబరు రాగానే బెంగళూరులోని మారతహళ్ళి, బీటీఎం, కుందలహళ్ళి జిమ్‌లలో మన తెలుగు కుర్రాళ్ళ సందడి పెరుగుతుంది. ఒకపక్క కొత్త సంవత్సరం ఆఫర్లు, ఇంకోపక్క మాఘమాసం ముహూర్తాలు. "సంక్రాంతికి ఊరెళ్ళేలోపు చేతులు కనపడాలి అన్నా" అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ తొందరే నన్ను భయపెడుతుంది. కండ తొందరగానే పెరుగుతుంది. దాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ మాత్రం అంత తొందరగా గట్టిపడదు.

టెండన్‌లో ఎక్కువ భాగం కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులే. కణాలు తక్కువ, రక్తప్రసరణా తక్కువే. బరువులు మొదలుపెట్టిన కొన్ని వారాలకే బలం పెరిగినట్టు తెలుస్తుంది. టెండన్‌లో చెప్పుకోదగ్గ మార్పు రావడానికి మాత్రం మూడు నెలలో, అంతకంటే ఎక్కువో పడుతుంది. మడమ వెనకుండే అకిలీస్ టెండన్ లోపలి భాగం పదిహేడేళ్ళ వయసుకల్లా తయారైపోయి, ఆ తరవాత దాదాపు మారదని డెన్మార్క్ పరిశోధకులు 2013లో తేల్చారు.

కండ పెరగాలని జిమ్‌లలో కొన్నాళ్ళపాటు తీసుకునే స్టెరాయిడ్ల "కోర్స్" కండకూ టెండన్‌కూ ఉన్న ఈ తేడాను ఇంకా పెంచుతుంది. టెస్టోస్టిరాన్, నాండ్రోలోన్, స్టానోజోలాల్ లాంటివి కండనూ బలాన్నీ గబగబా పెంచేస్తాయి. ఎలుకలకు ఇలాంటి మందులిచ్చి చూసిన ప్రయోగాల్లో టెండన్ బిరుసెక్కి, కాస్త సాగగానే తెగింది. ఇక మనుషుల సంగతి చూడండి. అమెరికాలో బరువులెత్తే 142 మంది మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. స్టెరాయిడ్లు వాడిన 88 మందిలో 19 మందికి ఎప్పుడో ఒకప్పుడు టెండన్ తెగింది. వాడని 54 మందిలో ముగ్గురికే తెగింది. భుజం, ఛాతీ, చేతుల్లాంటి పైభాగపు టెండన్లయితే వాడినవాళ్ళలో 15 మందికి తెగాయి, వాడనివాళ్ళలో ఒక్కరికీ తెగలేదు.

అందుకే ట్రైనర్ ఎంత నమ్మకంగా చెప్పినా కోర్స్ మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వాడుతుంటే సిగ్గుపడకుండా ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికెళ్ళి, ఏం వాడారో ఎంత వాడారో దాచకుండా చెప్పండి. ఎలా మానాలో ఆయనే చెబుతారు. ఈలోగా బలం వచ్చింది కదా అని బరువు పెంచుకుంటూ పోవద్దు.

నొప్పికి కీళ్ళ దగ్గర వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరే రకం మందు. అది కండ పెంచదు, వాపు తగ్గిస్తుంది. దానివల్ల కూడా టెండన్ బలహీనపడే ప్రమాదం ఉంది. నొప్పి పోయింది కదా అని మర్నాడే జిమ్‌కు వెళ్ళకుండా ఎన్నాళ్ళు ఆగాలో డాక్టర్నే అడగండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. విరేచనాలనో మూత్రంలో మంటనో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే సిప్రోఫ్లాక్ససిన్, లెవోఫ్లాక్ససిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కూడా టెండన్ తెగొచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే గట్టి హెచ్చరిక పెట్టించింది. వాటిని డాక్టర్ రాసిస్తేనే వాడండి. "నేను బరువులెత్తుతాను" అని ముందే చెప్పండి.

బెంగళూరు చలి పొద్దుల్లో క్యాబ్ టైమ్ అయిపోతోందని వార్మప్ మానేసేవాళ్ళను రోజూ చూస్తుంటాను. పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కనిచ్చి, ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టండి. మొదటి మూడు నెలలు బరువును మూడు సెకన్లలో ఎత్తి, మూడు సెకన్లలో దించండి. బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద వెల్లకిలా పడుకుని బరువెత్తేటప్పుడు) రాడ్‌ను ఛాతీ మీద కొట్టి ఎగరేయొద్దు. ఛాతీ టెండన్ తెగేది ఎక్కువగా బరువు దించేటప్పుడే. డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది రాడ్‌ను నిలబడి పైకెత్తేటప్పుడు) ఒక అరచెయ్యి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పి పట్టుకోవద్దు. అరచెయ్యి ముందుకు తిరిగిన చేతిలోనే బైసెప్స్ (జబ్బ ముందువైపు కండ) టెండన్ తెగుతుంటుంది. రెండు చేతులూ ఒకేలా పట్టుకుని స్ట్రాప్స్ (మణికట్టుకు తొడిగి రాడ్‌కు చుట్టే పట్టీలు) వాడండి. మర్నాడు పొద్దున లేవగానే అదే చోట నొప్పి పెరిగినట్టుంటే, ఆ రోజు బరువు తగ్గించండి. నొప్పి మాత్ర మింగి మాత్రం ఎత్తొద్దు.

మా జిమ్‌లో ఒక తమ్ముడికి డెడ్‌లిఫ్ట్ చేస్తుంటే "టప్"మని చప్పుడైంది. నొప్పి కాసేపట్లోనే తగ్గిందని నూనె రాసి మర్దన చేయించుకున్నాడు. రెండో రోజుకు మోచేతి మడత దగ్గర నల్లగా కమిలింది, కండ పైకి ఉండ కట్టింది. అప్పుడు గానీ ఆసుపత్రికి రాలేదు.

ఇలా బైసెప్స్ టెండన్ తెగిందన్న అనుమానం వస్తే మోచేతిని L ఆకారంలో మడిచి, అరచేతిని మీ ముఖం వైపు తిప్పండి. రెండో చేతి చూపుడువేలితో మోచేతి మడతలో బయటివైపు నుంచి టెండన్‌ను కొక్కెంలా పట్టి చూడండి. బాగున్న చేతిలో గట్టి తాడులా దొరుకుతుంది. తెగినచోట వేలికి ఏమీ తగలదు. దొరికినా సగం తెగి ఉండొచ్చు కాబట్టి చప్పుడు, కమిలిన మచ్చ ఉంటే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. నాటు కట్టు కట్టించుకుంటూ కూర్చోవద్దు. రెండు మూడు వారాల్లోపైతే ఆపరేషన్ సులువు. ఆలస్యమైతే తెగిన కొస పైకి ముడుచుకుపోతుంది, దాన్ని లాగి ఎముకకు కుట్టడం కష్టమవుతుంది.