తెలుగు అక్షరం విరిగి కనిపిస్తే బగ్ ఎవరికి పంపాలి?

లినక్సులో 'లక్ష్మి' అని కొడితే మవత్తు పడకుండా మధ్యలో పొల్లు మిగిలిపోయిందనుకుందాం. తప్పు ఫాంటుదా, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్‌దా, మీరు టైపు చేస్తున్న ఆఫీసు సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌దా? వీటిని చూసే బృందాలు వేరువేరు. వాటిలో తీరిక వేళల్లో పనిచేసే వాలంటీర్లున్నారు, తెలుగు చదవలేనివాళ్లూ ఉన్నారు. తప్పెక్కడుందో మీరు తేల్చి పంపితే వాళ్ల సమయం వెతుకులాటకు కాక మరమ్మతుకు మిగులుతుంది.

ముందు టైపింగు చూడండి. 'లక్ష్మి'లో ఉండాల్సినవి ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. టెర్మినల్లో ఆ పదాన్ని ప్రింట్‌ఎఫ్‌ (printf) కమాండుతో, లెక్కపెట్టే కమాండు డబ్ల్యూసీకి (wc) పంపి, చిన్న ఎమ్ ఆప్షన్ (-m) ఇస్తే 7 రావాలి. (ప్రింట్‌ఎఫ్ బదులు ఎకో (echo) వాడకండి, లైను చివర గుర్తునూ లెక్కపెట్టి 8 చూపిస్తుంది.) ఒకటి ఎక్కువ వచ్చిందంటే అక్షరాలను కలవనివ్వని, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు దూరి ఉండొచ్చు. 'రాజ్‌కుమార్'లో పొల్లును నిలబెట్టేది అదే, 'లక్ష్మి'ని విరగ్గొట్టేదీ అదే. అప్పుడది బగ్ కాదు.

లెక్క సరిపోతే హార్ఫ్‌బజ్ వాళ్ల హెచ్‌బీ-వ్యూ (hb-view) అనే కమాండు నడపండి. ఫాంటు ఫైలు, పదం ఇస్తే హార్ఫ్‌బజ్ దాన్ని ఎలా పేరుస్తుందో బొమ్మగా చూపిస్తుంది. ఇక్కడ సరిగ్గా వచ్చి లిబ్రేఆఫీస్‌లో చెడితే, అక్కడ నిజంగా అదే ఫాంటు వాడుతోందో లేదో చూడండి. మీరు అడిగిన ఫాంటు లేకపోతే అది చెప్పకుండానే ఇంకోటి పెట్టేస్తుంది. పీడీఎఫ్‌గా మార్చి, ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా చూస్తే అసలు పేరు దొరుకుతుంది. ఫాంటు అదే అయితే బగ్ లిబ్రేఆఫీస్‌ది. హెచ్‌బీ-వ్యూలోనే చెడితే మరో రెండు ఫాంట్లు పెట్టి చూడండి. అవి బాగుంటే మొదటి ఫాంటునే అనుమానించాలి. సంబంధం లేని ఫాంట్లన్నీ ఒకే తీరున చెడితే హార్ఫ్‌బజ్‌ను అనుమానించాలి.

ఇక చిరునామా. లిబ్రేఆఫీస్ బగ్‌లు దాన్ని నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వారి బగ్‌జిల్లా అనే బగ్‌ల సైటుకు వెళ్లాలి. హార్ఫ్‌బజ్‌కీ, నోటో తెలుగు ఫాంట్లకీ గిట్‌హబ్ సైటులో సొంత రిపాజిటరీలున్నాయి, బగ్‌లు అక్కడే రాయాలి. పాత రిపోర్టుల్లో వెతికాక, కొత్త వెర్షన్‌లోనూ పరీక్షించండి. అక్కడ సరిచేసి ఉండి, మీరు వాడే లినక్సు డెబియన్ అయి, దానిలో పాత వెర్షన్ ఉంటే, చెప్పాల్సింది డెబియన్ ప్యాకేజీ చూసేవాళ్లకే. డీపీకేజీ (dpkg) కమాండుకు పెద్ద ఎస్ ఆప్షన్ (-S), ఫైలు దారి ఇస్తే ప్యాకేజీ పేరు వస్తుంది. ఆ పేరుతో, డెబియన్‌కు బగ్ రిపోర్టు పంపే రిపోర్ట్‌బగ్ (reportbug) కమాండు నడిపితే వెర్షన్ అదే నింపుతుంది, మెయిలు ఆ ప్యాకేజీని చూసే మెయింటెయినర్‌కు చేరుతుంది.

రిపోర్ట్‌బగ్ బగ్ తీవ్రత అడిగినప్పుడు నార్మల్ లేదా మైనర్ చాలు. సీరియస్, గ్రేవ్, క్రిటికల్ అనేవి విడుదలను ఆపే స్థాయిలు. ఒక వత్తు కోసం వాటిని ఎంచుకుంటే ప్యాకేజీ మొత్తం, తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే డెబియన్ 'టెస్టింగ్' నుంచి తొలగిపోయే ప్రమాదం ఉంది.

రిపోర్టుకు ఒక్కటే బగ్ రాయండి. పదాన్ని కాపీ చేసుకునేలా పాఠ్యంగా ఇవ్వండి, ఒక్క స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టొద్దు. ఆ ఏడు గుర్తుల వరుస, ఫాంటు వెర్షన్, చెడిన బొమ్మ, పక్కనే సరైన బొమ్మ, తేడా ఉన్నచోట ఎర్ర గీత పెట్టండి. తెలుగు రాని మనిషికి తప్పేమిటో చూపించేది ఆ గీతే. రెండుచోట్ల చెప్పాల్సి వస్తే ఒకదానిలో రెండోదాని లింకు ఇవ్వండి. జవాబు రాకపోతే వ్యక్తిగత మెయిలుకు వెళ్లొద్దు; కొత్త వెర్షన్ వచ్చాక మళ్లీ పరీక్షించి, ఫలితాన్ని అదే రిపోర్టులో చేర్చండి.