మార్జిన్‌లో వేలు చూపించే చెయ్యి
కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత పుస్తకాలు కొని చదివేవాళ్లకి ఒక మాట. దయచేసి హైలైటర్ వాడకండి, పాత కాగితంలో ఆ రంగు అవతలి పేజీకి దిగిపోతుంది. మెత్తటి పెన్సిల్‌తో మార్జిన్‌లో చిన్న చెయ్యి గీయండి: చొక్కా కఫ్, ముడిచిన పిడికిలి, వాక్యం వైపు చాచిన చూపుడు వేలు. యూరప్‌లో 12వ శతాబ్దం నాటికే రాతప్రతుల్లో పాఠకులు ఇలా గీసుకునేవాళ్లు. తర్వాత ఇదే ☞ గుర్తుగా అచ్చులోకీ వచ్చింది. కావలసిన వాక్యం దూరంగా ఉంటే వేలు పొడుగ్గా సాగదీయండి. వాళ్లూ అలాగే చేసేవాళ్లు, చూడ్డానికి భలే ఉంటుంది. ప్రతి పేజీలోనూ వద్దు, అధ్యాయానికి రెండు మూడు చాలు. ఫోన్‌లో నోట్స్ రాసుకునేవాళ్లు ☞ గుర్తుని కీబోర్డ్ పర్సనల్ డిక్షనరీలో షార్ట్‌కట్‌గా పెట్టుకోవచ్చు.