కూరగాయల మడిలో పచ్చిరొట్ట వేయడం, కలియదున్నడం ఎలా?

సేంద్రియ సాగులో భూగర్భ జలాలకు హాని ఉండదని చాలామంది నమ్ముతారు. కానీ పంట తీసేసి మడిని ఖాళీగా వదిలితే పశువుల ఎరువు, కంపోస్టు నుంచి వచ్చిన నైట్రేటు (నీళ్లలో కరిగే నత్రజని రూపం) కూడా వాన నీటితో కిందికి దిగిపోతుంది. దాన్ని పట్టి ఉంచేది పచ్చిరొట్ట పైరే, అంటే పచ్చిగా ఉండగానే మట్టిలో కలియదున్నడానికి పెంచే పైరు.

ముందు పైరు ఎంచుకోండి. నేలలో నత్రజని తక్కువుంటే జనుము, జీలుగ, అలసంద, పిల్లిపెసర లాంటివి వేయాలి. నీరు నిలిచే నేలకు, చౌడు నేలకు జీలుగ నప్పుతుంది. వేరుబుడిపె నులిపురుగు ఉన్నచోట అలసంద వద్దు, జనుము మేలు. ఇప్పటికే ఎరువు దండిగా పడిన మడిలో మాత్రం జొన్న, సజ్జ వేయండి. మిగిలిన నైట్రేటును అవే బాగా పీల్చుకుంటాయి. తర్వాత క్యాబేజీ నాటేట్టయితే ఆవాలు వద్దు, రెండింటికీ తెగుళ్లు ఒకటే.

విత్తనం ఒత్తుగా చల్లండి. పలచబడితే కలుపు లేస్తుంది. జనుము, అలసంద లాంటివి ఆ నేలకు కొత్తయితే విత్తనానికి రైజోబియం పట్టించాలి. ఇది వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా.

నెల దాటాక అలాంటి పైరులో ఒక మొక్కను పారతో మట్టిపెళ్లతో సహా తీసి, వేళ్లు నీళ్లలో మెల్లగా కడగండి. బుడిపెను గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. అప్పుడే గాలిలోని నత్రజనిని పట్టే పని (నత్రజని స్థిరీకరణ) సాగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలవలేదు. నులిపురుగు బుడిపెలైతే వేరు తానే ఉబ్బిపోయి ఉంటుంది, రుద్దినా ఊడవు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం కలియదున్నే రోజు. పూత మొదలవగానే దున్నేయాలి, జనుముకైతే సుమారు 45 రోజులకు. ఆలస్యమైతే కాండం నారెక్కుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనినే లాక్కుంటాయి, కూర మొక్కలు పాలిపోతాయి. గింజ రాలితే అదే కలుపవుతుంది.

దున్నాక 2, 3 వారాలు ఆగండి. పచ్చి రొట్ట కుళ్లుతుండగా క్యారెట్ లాంటి చిన్న విత్తనాలు వేస్తే మొలకలు కుళ్లిపోతాయి. అలాగని నెలల తరబడి ఆగినా నష్టమే. లేత రొట్ట త్వరగా చివికి నైట్రేటు వదులుతుంది, అందుకునే వేళ్లు లేకపోతే అదీ నీళ్లలో కలిసిపోతుంది. అందుకే వంగ, టమాటా, మిరప నారు ముందే పోసి, రొట్ట చివికేసరికి నాటడానికి సిద్ధంగా ఉంచుకోండి.

నీటి ఎద్దడి ఉంటే పూత దాకా ఆగొద్దు. పచ్చిరొట్టా తేమ తాగుతుంది. ముందే కోసి, దున్నకుండా నేలపై పరిచి, మధ్యలో గుంతలు తీసి నారు నాటండి.