మా కుక్క బుజ్జికి గడ్డ ఆపరేషన్‌కి 29,550 ఎలా అయింది, మీరు ఎక్కడ జాగ్రత్త పడాలి

మాది గుంటూరులో జిరాక్స్ షాపు. రూపాయి, రెండు రూపాయల బేరం కాబట్టి ప్రతిదీ పద్దు రాసుకోవడం అలవాటు. మా పామరేనియన్ బుజ్జికి తొమ్మిదో ఏట చన్ను దగ్గర గడ్డ తీయించినప్పుడూ రాశాను. మొత్తం 29,550 రూపాయలు. అందులో కొంత నేను చేతులారా పెంచుకున్నదే.

సంక్రాంతికి స్నానం చేయిస్తుంటే వెనక కాలి పక్కన చన్ను కింద శనగగింజంత తగిలింది. "కొవ్వు గడ్డ అయ్యుంటుంది, పసుపు రాయండి" అంది మా అత్త. రాశాం. ఉగాదికి నిమ్మకాయంత అయింది. ఆడకుక్కల్లో ఈ గడ్డలు సుమారు సగం క్యాన్సరేనట. మూడు సెంటీమీటర్లు దాటకముందే తీస్తే బతికే అవకాశం బాగుంటుందట. డాక్టరు గారు ఆ మాట అన్నాక ఇక పసుపు డబ్బా వైపు చూడబుద్ధి కాలేదు.

అందుకని నెలకోసారి కుక్కని వెల్లకిలా పడుకోబెట్టి చూడండి. మామూలుగా ఐదు జతల చన్నులుంటాయి, గడ్డలు ఎక్కువగా వచ్చేది వెనక రెండు జతల్లో. పైపైన నిమిరితే దొరకదు. చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా నలపాలి.

తగిలితే ముందు రక్త పరీక్ష. మాకు 1,600 అయింది. ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి, గోమార్ల జ్వరం అన్నారు. మూడు వారాల మాత్రలు, మళ్లీ పరీక్ష, ఇంకో 1,600. గడ్డ అక్కడే ఉంది, ఆపరేషన్ వాయిదా, ఇంట్లో ఒకటే టెన్షన్. కానీ ప్లేట్‌లెట్లు పెరక్కుండా కోస్తే రక్తం ఆగదు. మీ కుక్కకి గోమార్లుంటే ఈ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

తర్వాత ఛాతీ ఎక్స్‌రే. రెండు పక్కలా, వెల్లకిలా, మొత్తం మూడు, 1,800. ఇది మానొద్దు. ఊపిరితిత్తులకి పాకి ఉంటే గడ్డ తీసినా జబ్బు పోదు, పెద్ద ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది. గడ్డ ఒక్కటే కాక పొట్టంతా ఎర్రగా, వేడిగా, గట్టిగా వాచిపోతే అది వేరే రకం. దానికి సాధారణంగా కోత పెట్టరు.

ఇక నేను బోల్తా పడిన చోటు. "ఆపరేషన్‌కి ఎంతండీ?" అని అడిగాను. 14,000 అన్నారు. బిల్లు రోజున మత్తు, సెలైన్, ఇంజెక్షన్లు అంటూ ఇంకో 4,500 వచ్చింది. అలా అడక్కండి. మత్తు, మందులు, కుట్లు, తర్వాతి డ్రెస్సింగులు, బయాప్సీ (తీసిన గడ్డకి చేసే పరీక్ష) అన్నీ కలిపి ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఒక్క చన్నే తీస్తారా, ఆ వరసంతా తీస్తారా అని కూడా అడగండి. రేటు అక్కడే మారిపోతుంది.

బయాప్సీ 2,500. "గడ్డ తీసేశారుగా, ఇంకెందుకు" అని నేనూ గొణిగాను. అది క్యాన్సరో కాదో, అంచుల్లో ఏమైనా మిగిలిందో చెప్పేది ఆ పరీక్షే. బుజ్జిది క్యాన్సరే, అంచులు మాత్రం శుభ్రంగా వచ్చాయి. కీమో వద్దు, మూడు నెలలకోసారి ఎక్స్‌రే చాలన్నారు.

కుట్లు నాకకుండా మెడకి పెట్టే ప్లాస్టిక్ గరాటు 350. పాపం నిద్రపట్టట్లేదని ఒక రాత్రి తీశాం. తెల్లారేసరికి ఒక కుట్టు లాగేసింది. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు వేయకండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

అంత పెట్టలేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. మాకు దగ్గర గన్నవరం, రాయలసీమ వాళ్లకి తిరుపతి, హైదరాబాద్ వాళ్లకి రాజేంద్రనగర్. ఫీజు తక్కువ, కాకపోతే ఒక రోజు పనులు వదులుకుని పొద్దున్నే వెళ్లాలి.

ఇంట్లో ఆడ కుక్కపిల్ల ఉంటే మొదటిసారి ఎదకు రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం గురించి డాక్టర్ని అడగండి. ఈ గడ్డల భయం చాలావరకు పోతుంది. ఎదకు రాకుండా వేసే ఇంజెక్షన్ల జోలికి పోవద్దు, అవే గడ్డల్ని పెంచుతాయి.

మా వృత్తి మాట ఒకటి. క్లినిక్ బిల్లులు నున్నటి కాగితం మీద ఇస్తారు, ఎండకి ఏడాదిలో అక్షరాలు మాయమవుతాయి. బయాప్సీ రిపోర్టుతో పాటు వాటినీ అదే రోజు జిరాక్స్ తీయించండి. తర్వాత ఏ డాక్టరైనా మొదట అడిగేది ఆ కాగితాలే.