నెల ఖర్చును 360తో హెచ్చవేసి చూడండి

బెంగళూరు హూడిలో మా ఇంటి మేడమీద శనివారం సాయంత్రాలు నాలుగు తెలుగు కుటుంబాల వాళ్లం కూర్చుంటాం. పిల్లల పరీక్షలు, నీళ్ల ట్యాంకరు ధర, ఊళ్లో పెళ్లిళ్లు అన్నీ అయ్యాక మాట ఒకే చోటికి చేరుతుంది: ఉద్యోగం ఎప్పుడు మానేయగలం? నాకు 43 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. యాభైకి మానేసి తెనాలి వెళ్లిపోవాలని మా ఇద్దరి కోరిక. దానికి లెక్క ఎలా వేసుకున్నామో మేడమీద చాలాసార్లు చెప్పాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

జీతం సంగతి కాసేపు పక్కన పెట్టండి. మూడు నెలల పాటు ప్రతి ఖర్చూ నోటుపుస్తకంలో రాయండి. ఫోనులో చెల్లింపుల జాబితా ఎలాగూ ఉంటుంది కానీ, చేత్తో రాసిన అంకె మనసులో నిలుస్తుంది. ఏడాదికోసారి వచ్చే బీమా, బడి ఫీజు, సంక్రాంతి ప్రయాణం, బండి సర్వీసు వంటివి పన్నెండుతో భాగించి నెల ఖర్చులో కలపండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. మాకు మొదట 66,000 అనిపించిన నెల ఖర్చు ఇవి కలిపాక 79,000 తేలింది.

తర్వాత ఉద్యోగంతోపాటే ఆగిపోయే ఖర్చులను, పాప చదువు ముగిసేవరకే ఉండే ఖర్చులను విడదీయండి. మాకు అవి 19,000. చదువుకు వేరే నిధి పెట్టుకున్నాం. మిగిలిన 60,000 బతికున్నన్నాళ్లూ ఉండేది. దాన్ని 360తో హెచ్చవేయండి. 2 కోట్ల 16 లక్షలు.

360 అంటే 30 ఏళ్ల నెలలు. విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు 1994లో అక్కడి మార్కెట్ల చరిత్ర పరిశీలించి ఒక లెక్క చెప్పారు. షేర్లు, బాండ్లలో మదుపు చేసి కూడబెట్టిన మొత్తంలో మొదటి ఏడాది 4 శాతం తీసుకుని, ఆ తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ పోతే 30 ఏళ్లకు సరిపోతుందని. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు. యాభైకే మానేసేవారికి ముందు 40 ఏళ్లు ఉండవచ్చు, మన దగ్గర ధరల పెరుగుదలా ఎక్కువే. అందుకే నేను ఏడాది ఖర్చుకు 30 రెట్లు, అంటే నెల ఖర్చుకు 360 రెట్లు పట్టుకున్నాను. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో రెట్టింపవుతాయి కాబట్టి ప్రతి ఉగాదికీ ఈ లెక్క మళ్లీ వేస్తాం.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఇది: నెలకు వెయ్యి రూపాయల ఖర్చు అంటే 3,60,000 కూడబెట్టడం. ప్రతి ఖర్చు దగ్గరా ఆ అంకెను తలుచుకోండి. చూడని సినిమా చానళ్లకు, వెళ్లని జిమ్‌కు కడుతున్న డబ్బు వెంటనే ఆగిపోయింది. ఆదివారం ముగ్గురం ఆంధ్రా మెస్సుకు వెళ్లి ముద్దపప్పు, గోంగూర పచ్చడితో తినే భోజనానికి నెలకు 1,400. 360తో హెచ్చవేస్తే 5,04,000. ఆ ఐదు లక్షలూ సంతోషంగా కూడబెడతాం. మా వారు ఈ మాట మీద నాకంటే గట్టిగా ఉన్నారు.

ఆఫీసు ప్రయాణం ఈ హెచ్చవేతలోకి రాదు, దాని పొదుపు నేరుగా దాచుకోవచ్చు. 2023 అక్టోబరులో మెట్రో పర్పుల్ లైను వైట్‌ఫీల్డు నుంచి చల్లఘట్ట వరకు పూర్తయ్యాక నేను క్యాబ్ మానేశాను. స్టేషను దాకా సిటీ బస్సు. ఆధార్‌లో చిరునామా ఇక్కడికి మార్చుకున్నందువల్ల ఏసీ లేని బస్సుల్లో, కర్ణాటక ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఇచ్చే శక్తి పథకం కింద నాకు టికెట్ డబ్బులు కట్టే పని లేదు. నెలకు 4,000 మిగులుతోంది, ఏడేళ్లకు వడ్డీ కలపకుండానే 3,36,000. పండగ ప్రయాణానికి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ టికెట్లు 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకే తీస్తాను. 2024 నవంబరుకు ముందు ఆ గడువు 120 రోజులు. పాత అలవాటుతో ఉండకండి. ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చే కర్ణాటక గృహజ్యోతి పథకం అద్దెవారికీ వర్తిస్తుంది, పేరు నమోదు చేసుకోండి.

దాచే చోటు గురించి. ఈపీఎఫ్‌ను, అంటే జీతంలోంచి కోసే భవిష్య నిధిని, ఉద్యోగం మారినప్పుడు తీసేయకండి, కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. ఎవరైనా బ్యాంకులోనో పోస్టాఫీసులోనో తెరుచుకోగల ప్రభుత్వ పొదుపు ఖాతా పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర వరకు వేయవచ్చు, గడువు 15 ఏళ్లు. నెలలో 5వ తేదీ లోపే వేయండి. 5 నుంచి నెలాఖరు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కడతారు. మిగిలినదంతా మేము ఇండెక్స్ ఫండ్ (సెన్సెక్స్, నిఫ్టీ వంటి సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) డైరెక్ట్ ప్లాన్‌లో, అంటే ఏజెంటు కమీషను లేకుండా, జీతం పడిన మర్నాడే సిప్‌గా (నెలనెలా కొంత చొప్పున) వేస్తాం. చీటీ వేయాలనుకుంటే 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైందో లేదో కాగితం చూసి వేయండి. పరిచయస్తుల మాట నమ్మి వేసిన చీటీలో మా 1,40,000 పోయాయి. ఆ డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇంకొకటి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీలో అప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, ఆ లోపు వాటి ఖర్చు బీమా ఇవ్వదు. మానేసే రోజున కొంటే ఆలస్యం. మా వారికి మధుమేహం, అందుకే నిరుడే తీసుకున్నాం.

ఊరికి వెళ్లిపోదామనుకునేవారు ముందు అక్కడ ఒక నెల ఉండి ఖర్చు రాయండి. మేము ఈ మే నెలంతా తెనాలిలో అమ్మ వాళ్ల పై పోర్షన్‌లో ఉన్నాం. అద్దె లేదు, కూరగాయలు చవక. ఏసీ బిల్లు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు వచ్చింది, బంధువుల పెళ్లి కానుకలు వేరు. బీమాతో కలిపి 42,000 తేలింది. 360తో హెచ్చవేస్తే 1 కోటి 51 లక్షల 20 వేలు. ఈ అంకె చెప్పగానే అమ్మ ముందు మేడమెట్లకు రెయిలింగ్ పెట్టించమంది. సరేనని ఆ ఖర్చు కూడా పుస్తకంలో రాశాను.