గ్లైఫోసేట్ కలిపే ముందు నీటిని చూడండి

తోటల్లో గడ్డికి గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టించేవారు (2022 అక్టోబరు నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం దీన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే, అంటే ఇలాంటి మందులు చల్లే లైసెన్సు ఉన్నవారే చల్లాలి) మోతాదుకన్నా ముందు నీటిని చూసుకోవాలి. ఈ మందు బంకమట్టి రేణువులకూ, ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లకూ గట్టిగా అతుక్కుపోతుంది కనుక, ఉద్దానం జీడితోటల్లో నేలపై పడిన మందు గడ్డి వేళ్లకు పెద్దగా అందదు. ఆకు మీద పడినదే పనిచేస్తుంది. అదే కారణంగా, వాన వెలిశాక గెడ్డలో (వాగులో) తోడిన ఎర్రనీటిలో కలిపితే మందులో కొంత ట్యాంకులోనే మట్టికి పట్టి వృథా అవుతుంది.

బోరునీరు తేటగా కనిపించినా, బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీరైతే అందులోని కాల్షియం, మెగ్నీషియం మందును బంధిస్తాయి. అటువంటప్పుడు లీటరుకు 10 నుంచి 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేటును ముందుగా పూర్తిగా కరిగించి, ఆ తరువాతే మందు పోయాలి. పని కలిసివస్తుందని జింకు సల్ఫేటును అదే ట్యాంకులో వేయడం తగదు, జింకు కూడా మందును అలాగే పట్టేస్తుంది. కలపడానికి ప్లాస్టిక్ డ్రమ్మే వాడాలి. జింకు పూత ఉన్న ఇనుప బకెట్టులో చర్య జరిగి, మండే స్వభావంగల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది.